గండికోట లోయకు ఒక కాలిబాట కావాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రివర్యుల సమక్షానికి,

వైఎస్ఆర్ కడప జిల్లా జమ్మలమడుగు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కారాలతో చేసుకుంటున్న విన్నపం.

అయ్యా,

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రాంతపు బడుల్లో సాంఘిక శాస్త్రం బోధించాను. దాదాపు ప్రతి ఏటా సంక్రాంతి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలను గండికోటకు తీసుకువెళ్లి, కోట చూపించి, పెన్న లోయ అంచున కూర్చోబెట్టి, పుస్తకంలో ఉన్న ‘నదీ క్రమక్షయం’ అనే మాటకు అర్థం అక్కడే చెప్పేవాణ్ని. ఉద్యోగం ముగిసినా ఆ కొండకు వెళ్లడం మానలేదు. ఆ అనుభవంతోనే మీకు ఈ లేఖ రాస్తున్నాను. నేను అడగదలచింది ఒక్కటే. గండికోటకు రోడ్డు ఉంది, వసతి గృహం ఉంది, ఇప్పుడు నిధులు కూడా వచ్చాయి. కానీ లోయ అంచు వెంబడి నడవడానికి, లోయలోకి దిగి మళ్లీ క్షేమంగా ఎక్కిరావడానికి గుర్తులున్న కాలిబాట లేదు. చేపట్టే పనుల్లో ఆ బాటకు మొదటి స్థానం ఇవ్వాలని కోరుతున్నాను.

2024 చివర్లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసిందని చదివినప్పుడు మా ఊళ్లో చాలామంది సంతోషించారు, వారిలో నేనూ ఒకణ్ని. అయితే గండికోట పేరు పత్రికల్లో వచ్చినప్పుడల్లా అద్దాల వంతెన, రోప్‌వే, గుడారాల నగరం వంటి మాటలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఇంత దూరం ప్రయాణించి వచ్చే మనిషి చూడగోరేది ఆ రాళ్లను, ఆ నీటిని, ఆ లోతును. దానికి అతనికి కావలసింది రెండు కాళ్లు, ఒక దారి, దారి తెలిసిన ఒక మనిషి.

ఆ రాళ్ల గురించి కొంత వివరంగా చెప్పడానికి అనుమతించండి, ఎందుకంటే నా విన్నపానికి ఆధారం ఆ రాళ్లే. గండికోట లోయ గోడలు గ్రానైట్ అని చాలాచోట్ల రాస్తున్నారు, వచ్చినవారు అదే చదువుకుని వెళ్తున్నారు. అది సరికాదు. అవి క్వార్ట్‌జైట్ పొరలు. అంటే ఒకప్పుడు నీటి అడుగున మేటలు వేసిన ఇసుక, పొర మీద పొరగా పేరుకుని, అదుముకుని, గట్టిపడి రాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ‘కడప బేసిన్’ అని పిలిచే విశాలమైన పురాతన శిలా ప్రాంతంలో ఇవి భాగం, ఈ పొరలకు వారు ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని మన ఊరి పేరే పెట్టారు. వీటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. పొరలు అడ్డంగా, బీటలు నిలువుగా ఉండడం వల్ల రాయి పెట్టెల్లా, దిమ్మెల్లా విడిపోయి, ఎవరో ఒక్కొక్కటే తెచ్చి పేర్చినట్టు కనిపిస్తుంది. పిల్లలు మొదటిసారి చూసినప్పుడు “సార్, ఇది ఎవరు కట్టినారు?” అని అడిగేవారు. కోట గోడ ఎక్కడ ముగిసిందో, కొండ ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల పెద్దవాళ్లకే తెలియదు.

ఇలాంటి రాతిని పెన్న నిలువునా కోసుకుంటూ దిగింది. కర్ణాటకలోని నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం మీదుగా వచ్చి, గండికోటకు ఎగువన చిత్రావతిని కలుపుకుని, ఎర్రమల కొండల్లో ఈ సందు చేసుకుని తూర్పుకు సాగింది. వరదల్లో కొట్టుకొచ్చే ఇసుకా గులకరాళ్లూ రాతి అడుగును అరగదీస్తాయి, అడుగు అరిగిన దిమ్మె పైబరువుకు విరిగి పడుతుంది. అందుకే ఆ గోడలు ఏటవాలుగా కాకుండా నిటారుగా నిలిచాయి. మన భాషలో దీనికి ‘గండి’ అనే చక్కటి మాట ఉంది. పాపాఘ్ని నది పాలకొండలను చీల్చుకుని వచ్చే చోట వెలసిన ఆంజనేయుణ్ని కడప జిల్లా వాళ్లం ‘గండి ఆంజనేయుడు’ అనే పిలుచుకుంటాం. పెన్న చేసిన గండి పక్కన కట్టిన కోట గండికోట. అమెరికాలోని గ్రాండ్ కెన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, 1,600 మీటర్లకు మించిన లోతు ఉన్న లోయ. దానితో పోల్చి ప్రచారం చేయడం వల్ల మన గండి చిన్నదైపోవడమే తప్ప ఒరిగేది లేదు. దయచేసి కోట వాకిట పెట్టే ఫలకం మీద ముందుగా ‘గండి’ అంటే ఏమిటో రాయించండి.

ఇక నా విన్నపానికి అసలు కారణం చెబుతాను. పొరలుగా, దిమ్మెలుగా విడిపోయే రాయి చూడడానికి ఎంత అందంగా ఉంటుందో, కాలు పెట్టడానికి అంత నమ్మరానిది. జామియా మసీదు దాటి, రంగనాయకస్వామి గుడి పక్కగా లోయ అంచుకు వెళ్లేవారు బండ మీద నుంచి బండ మీదికి దూకుతూ ఎవరికి తోచిన దారిన వారు పోతారు. ఏ దిమ్మె కొండకు అంటుకుని ఉందో, ఏది విడిపోయి సమయం కోసం కాచుకుని ఉందో కొత్తవారికి తెలియదు. కొన్నేళ్ల కిందట మా అన్న కొడుకు, మరో నలుగురు బంధువులతో కలిసి నేను నదిదాకా దిగాను. తిరిగి ఎక్కుతున్నప్పుడు వాడి కాలి కింద పలక ఒకటి కదిలింది. వాడు రెండు బండల మధ్య పడ్డాడు, చీలమండ మడతపడి వాచిపోయింది. మేము ఐదుగురం పెద్దవాళ్లమై ఉండి కూడా ఎటు ఎక్కాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాము. పొద్దు వాలుతోంది. ఇంటి దగ్గర మా వదినకు ఏమని చెప్పాలా అన్న ఆలోచన తప్ప నాకు మరో ఆలోచన రాలేదు.

ఆ సమయంలో మేకలు మేపుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు పైనుంచి మమ్మల్ని చూశారు. “ఆ పక్క ఎక్కొద్దు సార్, ఈ పక్క రాండి” అని కేకేసి దిగివచ్చి, తువ్వాలుతో వాడి కాలు బిగించి కట్టి, ఒకరు ముందు, ఒకరు వెనుక పట్టుకుని, మాకు కనిపించని ఒక మెట్టదారిలో పైకి చేర్చారు. మేము దిగిన దారికి పక్కనే, నిండా యాభై అడుగుల దూరం కూడా లేని చోట, మేకలూ మనుషులూ తరతరాలుగా నడిచిన దారి ఉంది. దానికి గుర్తు లేదు, బోర్డు లేదు. ఇస్తామన్న డబ్బు ఆ పిల్లలు తీసుకోలేదు.

ఆ రోజు నుంచి నేను ఇదే మాట అందరికీ చెబుతున్నాను. గండికోటలో బాట కొత్తగా వేయనక్కరలేదు. ఉన్న బాటను గుర్తించాలి. గ్రామంలోని మేకల కాపరులను, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని అధికారులు ఒక వారం నడిస్తే అంచు వెంబడి దారీ, నదికి దిగే దారీ రెండూ తేలిపోతాయి. ఎక్కడ బండ కదులుతుందో, వానకాలంలో ఎక్కడ జారుతుందో వారికి ఊళ్లో వీధులు తెలిసినట్టు తెలుసు. ఆ తరువాత భూగర్భ శాస్త్రం తెలిసినవారు విడిపోయిన దిమ్మెలను పరీక్షించి, ఏ చోట నిలబడరాదో నిర్ణయించాలి.

బాటకు సిమెంటు వాడవద్దని ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను. మన జిల్లా నాపరాయికి పుట్టినిల్లు. మా ఇళ్లలో నేల, అరుగు, పొలాల గట్ల మీద కంచె కూడా నాపరాళ్లే. దారి మలుపుల్లో మోకాలెత్తు నాపరాళ్లు పాతి, వాటి మీద బాణం గుర్తు, మిగిలిన దూరం చెక్కిస్తే చాలు. అవి ఎండకు పగలవు, వానకు చెరగవు, కొండ రూపాన్ని చెడగొట్టవు. అంచు పొడవునా ఇనుప కమ్మీలు నాటడం కూడా మంచిది కాదు, ఎందుకంటే బీటలున్న రాతిలో రంధ్రాలు వేస్తే ఆ రాయే ఊడుతుంది. జనం గుమిగూడే మూడు నాలుగు చోట్ల మాత్రం అంచుకు బాగా వెనక్కి జరిపి అడ్డు పెట్టించండి. కోట భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది కాబట్టి, చట్టం ప్రకారం దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలకు నిషేధం, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రణ ఉన్నాయి. ఈ నిబంధనలు పెద్ద కట్టడాలకు అడ్డం కావచ్చు గాని, నాటిన రాళ్లూ దారి చూపే మనుషులూ వాటితో చాలావరకు సర్దుకుపోగలవని నా నమ్మకం.

దారి చూపే మనుషుల విషయంలో నా కోరిక స్పష్టం. కోట లోపలే నివసిస్తున్న గండికోట గ్రామస్థుల నుంచి యువతీ యువకులను ఎంపిక చేసి, ప్రథమ చికిత్సలోనూ తాడు సాయంతో మనిషిని పైకి చేర్చడంలోనూ తర్ఫీదు ఇప్పించి, గుర్తింపు కార్డులిచ్చి, రుసుము ఇంతని నిర్ణయించి ఆ బాట వారికి అప్పగించాలి. నదికి దిగేవారు వాకిట పేరు రాసి, పొద్దు వాలక ముందే తిరిగివచ్చి సంతకం చేయాలి. అప్పుడు ఎవరు పైకి రాలేదో చీకటి పడకముందే తెలుస్తుంది. ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి, మసీదు, కోనేరు చూపించి కథ చెప్పే పని కూడా వారిదే కావచ్చు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని నాయకుల నుంచి గెలుచుకున్న తరువాత, 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి, కొండదారి ఎంత ఇరుకో, దాని పక్కన అగాధం ఎంత భయంకరమో, అడుగున పారే నది ఎలాంటిదో రాసిపెట్టాడు. అతడు భయపడిన ఆ అంచునే నేటి యాత్రికుడూ నడుస్తున్నాడని ఊరి పిల్ల ఒకతె అక్కడ నిలబడి చెబితే, వినేవారు అడుగు జాగ్రత్తగా వేస్తారు.

నీటి విషయం మరొకటి ఉంది. లోయలో కనిపించే నీటిలో ఎక్కువ భాగం దిగువనున్న మైలవరం జలాశయపు వెనుక నీరు, ఎగువన 26.85 టీఎంసీల సామర్థ్యమున్న గండికోట జలాశయం ఉంది. ఎగువ గేట్లు ఎత్తినప్పుడు కింద బండల మీద ఉన్నవారికి ఆ సంగతి తెలిసే ఏర్పాటు ఉండాలి. జలవనరుల శాఖ నుంచి కోట వాకిట ఉన్నవారికి ముందుగా కబురు అందడం, లోయలో సైరన్ మోగడం, ఆ రోజు నదికి దిగే దారి మూసివేయడం, ఈ మూడూ ఒకే ఆదేశంతో జరగాలి. కోట ఒక శాఖది, వసతి మరొక శాఖది, నీరు ఇంకొక శాఖది కావడం వల్ల బాట ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది. కలెక్టరు గారి ఆధ్వర్యంలో ఈ శాఖలన్నిటినీ కూర్చోబెట్టి, బాట బాధ్యతను ఒక అధికారికి అప్పగించమని మనవి.

అంచున వేసే గుడారాల గురించి రెండు మాటలు. చలిమంటలు బండల మీద వేయకుండా నిషేధించాలి, ఎందుకంటే వేడికి ఆ రాయి పెచ్చులుగా లేచిపోతుంది. మీరు వచ్చినప్పుడు అలా నల్లబడి పెచ్చులూడిన బండలు నేనే చూపిస్తాను. బీటల్లో పడిన ప్లాస్టిక్ సీసాను ఎవరూ తిరిగి తీయలేరు, కాబట్టి వాకిటిలోనే లెక్కపెట్టి లోపలికి పంపి, తిరిగి తెచ్చినవారికి డిపాజిట్ ఇచ్చే పద్ధతి పెట్టాలి. తాగునీరు, మరుగుదొడ్లు, సూర్యాస్తమయం చూసి దిగేవారికి జమ్మలమడుగు వైపు తిరుగు బస్సు ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. నలభై డిగ్రీలు దాటే మా వేసవిలో మధ్యాహ్నం పూట ఆ బాట మూసి ఉంచడమే క్షేమం.

మన రాష్ట్రంలోని తిరుమల కొండలకు, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది. గండికోట లోయను కూడా భూగర్భ వారసత్వ స్థలంగా గుర్తించడానికి ప్రతిపాదన పంపవలసిందని కోరుతున్నాను. పక్క జిల్లాలోని బెలుం గుహలు చూసినవారికి నీరు సున్నపురాతిని లోలోపల ఎలా కరిగించి తొలిచిందో తెలుస్తుంది. గండికోటలో అదే నీరు కరగని రాతిని పైనుంచి ఎలా కోసిందో చూడవచ్చు. ఈ రెండింటినీ కలిపి బడి పిల్లలకు రెండు రోజుల యాత్రగా ఏర్పాటు చేస్తే, రాయలసీమ భూమి గురించి అంతకు మించిన పాఠం నేను నా సర్వీసులో ఏ గదిలోనూ చెప్పలేదు.

ఆ ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని ఎక్కించిన దారిని తరువాత మూడుసార్లు నడిచి, మలుపులు, నీడ ఉన్న చోట్లు, కదిలే బండలు గుర్తుపెట్టుకుని నోటుపుస్తకంలో పటం గీసుకున్నాను. అది కొలతలతో గీసిన పటం కాదు, అయినా పని మొదలుపెట్టడానికి పనికివస్తుంది. మీ శాఖ అధికారులు ఎప్పుడు వచ్చినా దాన్ని వారికి అందజేసి, వెంట నడవడానికి సిద్ధంగా ఉన్నాను. కార్తీకం వెళ్లాక వస్తే ఎండ తగ్గి, బండలు ఆరి ఉంటాయి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
జమ్మలమడుగు