మీరంతా తోడుంటేనే ఆ 200 కిలోమీటర్లు

డబ్బు పంపినవాళ్లకి, చలిలో లేచి వచ్చి నాతో సైకిల్ తొక్కినవాళ్లకి, మర్నాడు రక్తం ఇవ్వడానికి క్యూ కట్టినవాళ్లకి పేరుపేరునా కృతజ్ఞతలు. సంక్రాంతి సెలవులు అయిపోగానే వచ్చిన శనివారం, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఒక్క రోజులో 200 కిలోమీటర్లు పూర్తిచేశాను. తలసేమియా పిల్లల కోసం రెండు లక్షలు పోగుచేద్దామనుకుంటే అంతకు మించే వచ్చింది.

మా అక్క కొడుక్కి తలసేమియా మేజర్. వాడి ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు కాబట్టి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. ఆ రోజు దగ్గరపడేకొద్దీ పెదాలు పాలిపోతాయి, మెట్లెక్కుతూ మధ్యలోనే కూర్చుండిపోతాడు. రక్తం ఎక్కాక మర్నాటికల్లా బ్యాట్ పట్టుకుని కిందికి పరుగెడతాడు. ఆ తేడా కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఈ పని పెట్టుకున్నాను.

ఎక్కించే రక్తంతోపాటు ఒంట్లోకి ఇనుము కూడా చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వేసుకోవాలి. ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో ఈ పిల్లలకి రక్తం ఉచితమే గానీ మందులు, రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లు, పరీక్షలు కలిసి చాలా ఇళ్లకి తలకు మించిన ఖర్చు అవుతాయి. మీరిచ్చిన ప్రతి రూపాయీ వాటికే వెళ్తోంది. రసీదులు మన వాట్సాప్ గ్రూపులో పెట్టాను, చూడండి.

2023 అక్టోబర్‌లో తెరిచినప్పటి నుంచీ నాకు ఈ ట్రాక్ అలవాటే. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ల నీడ. అయినా 130 దాటాక ఎడమ మోకాలు పట్టేసింది. అప్పుడు ఒక పెద్దాయన తన సైకిల్ ఆపి, నా సీటు బోల్టు వదులు చేసి, వేలెడంత పైకి జరిపారు. "గేరు తగ్గించు బాబూ, కాలు తేలిగ్గా తిరగాలి" అంటూ కొల్లూరు వరకు నా ముందే తొక్కారు. పేరు చెప్పకుండానే వెళ్లిపోయారు. సార్, ఇది మీ దాకా చేరితే ఒక్క మెసేజ్ పెట్టండి. మా బావ స్కూటర్ మీద పెరుగన్నం, నిమ్మకాయ నీళ్లు మోసుకుంటూ పొద్దుపోయేదాకా ఆ చివరా ఈ చివరా తిరుగుతూనే ఉన్నాడు.

నేను అస్సలు ఊహించనిది మాత్రం ఆదివారం రక్తదానానికి వచ్చిన జనం. సూదంటే భయపడే మా ఆఫీసు కుర్రాడు కూడా కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చాడు. డబ్బుతో మందులు కొనొచ్చు, రక్తం మాత్రం మనుషులే ఇవ్వాలి. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులు కావడంతో క్యాంపులు తగ్గిపోతాయి, అక్కకి టెన్షన్ మొదలవుతుంది. మొన్న ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలకి, ఆడవాళ్లు నాలుగు నెలలకి మళ్లీ ఇవ్వొచ్చు. అంటే సరిగ్గా ఏప్రిల్, మే నెలలకి. ఇప్పటికే చాలామంది వాళ్లంతట వాళ్లే పేర్లు రాయించారు.

ఇంకో సంగతి. పెళ్లి కుదిరిన ఇద్దరు అమ్మాయిలు హెచ్‌బీఏ2 పరీక్ష (తలసేమియా క్యారియరా కాదా అని తెలిపే రక్తపరీక్ష) చేయించుకున్నామని రాశారు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మోస్తున్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మా అక్కకీ బావకీ ఆ పరీక్ష గురించి అప్పట్లో చెప్పినవాళ్లే లేరు. మీ మెసేజ్‌లు అక్కకి చదివి వినిపించాను తల్లీ. మీ ఇద్దరికీ తన తరఫున ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమంది.