ముసలివారి నల్ల విరేచనాలను తేలిగ్గా తీసుకోవద్దు: వైద్యారోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో నాట్లకు, పత్తి ఏరడానికి వంగి వంగి మోకాళ్లు అరిగిన పెద్దలు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి గోలీలు చీటీ లేకుండానే కొనుక్కుంటారు. గుండె కోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకునేవాళ్లూ వీరిలో ఉంటారు. రెండూ కలిస్తే కడుపు లోపలి పొర దెబ్బతిని పుండు పడుతుంది, కారే రక్తం త్వరగా ఆగదు. నొప్పి గోలీ పుండు నొప్పిని కూడా అణచేస్తుంది కాబట్టి కడుపులో రక్తం కారుతోందనడానికి చాలాసార్లు మొదటి గుర్తు తారులాంటి నల్లటి జిగట విరేచనమే. ఐరన్ గోలీలతోనూ మలం నల్లబడుతుంది గానీ ఆ జిగట, ఆ దుర్వాసన ఉండవు.

మా ప్రధాన ఆందోళన ఈ జబ్బును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గుర్తించకపోవడం గురించే. కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి హిమోగ్లోబిన్ 11 ఉందని సెలైన్ పెట్టి ఇంటికి పంపేస్తే ప్రాణం మీదికొస్తుంది. తొలి గంటల్లో ఆ అంకె తగ్గదు. పోయిన రక్తం, మిగిలిన రక్తం ఒకే చిక్కదనంతో ఉంటాయి. ఒంట్లోని నీరు రక్తంలోకి చేరాకే అసలు లెక్క తేలుతుంది. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్, మెటొప్రొలాల్ గోలీలు వాడేవారికి నాడి వేగమూ పెరగకపోవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ చూడాలి. మలం రంగు అడగాలి. పెద్దావిడలు సిగ్గుపడి తమంతట తాము చెప్పరు, ఏఎన్ఎం అడిగితేనే చెబుతారు.

108 వచ్చేలోపు రెండు చేతులకూ 18 గేజ్ కాన్యులాలు (సెలైన్ ఎక్కించే లావు సూదిగొట్టాలు) పెట్టి, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మందు పాంటొప్రజోల్ 80 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చి, నోటికి ఏమీ ఇవ్వకుండా ఉంచాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి సెలైన్ కొద్దికొద్దిగానే ఎక్కించాలి. రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఈ జబ్బులో వద్దని స్పష్టంగా ఆదేశించండి. సుమారు 12 వేల మందిపై జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో మరణాలు తగ్గలేదు, నరాల్లో రక్తపు గడ్డలు మాత్రం పెరిగాయి. రక్తం కూడా, బీపీ నిలకడగా ఉన్నవారికి, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే, గుండె జబ్బు ఉంటే 8 కంటే తగ్గితేనే ఎక్కించాలి.

ఎండోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష, 24 గంటల్లో జరగాలి. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. రోగి బయలుదేరేటప్పుడే పెద్దాసుపత్రికి ఫోన్ వెళ్లేలా, ఆదివారమైనా పండుగైనా ఎండోస్కోపీ అందేలా ఉత్తర్వు ఇవ్వండి.

వీటన్నిటికంటే చవకైన పని ఒకటుంది. 65 దాటినవారికి ఆస్పిరిన్ రాసే చీటీ మీదే పాంటొప్రజోల్ 40, పరగడుపున, అని రాయించండి. పల్లె దవాఖానలో రెండూ కలిపే ఇవ్వాలి.

డిశ్చార్జి కాగితం సంగతీ చూడండి. రక్తం కారిందన్న భయంతో ఆస్పిరిన్ శాశ్వతంగా మాన్పిస్తే స్టెంట్ ఉన్నవారికి గుండెపోటు రావచ్చు. రక్తం ఆగిందని తేలాక కొద్ది రోజుల్లోనే, గ్యాస్ గోలీతో కలిపి, ఏ తేదీన తిరిగి మొదలుపెట్టాలో దాని మీద తెలుగులో రాసి ఉండాలి.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ వైద్యులు కొందరు