కాకినాడ హార్బరు నుంచి బుజ్జమ్మకు

ఫిషింగ్ హార్బరు, కాకినాడ
మాఘ శుద్ధ చవితి, సాయంత్రం

బుజ్జమ్మా,

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు "బాగానే ఉన్నాను నాన్నా, మళ్లీ చేస్తాను" అని పెట్టేస్తావు. నువ్వు అలా పెట్టేసి ఇరవై రెండు రోజులైందని మీ అమ్మ లెక్కపెట్టి చెప్పింది. పనుల్లో ఉండి ఉంటావులే. పడవలో పొద్దు పోవడం లేదు. సత్తి మావయ్య సంచిలో తెల్ల కాగితాలు కనిపిస్తే రాస్తున్నాను.

ఇక్కడ ఆగిపోయి ఇవాళ్టికి నాలుగో రోజు. అమావాస్య నాడు చొల్లంగిలో గోదావరి పాయ తుల్యభాగలో స్నానం బాగా జరిగింది. గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల మునిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరాలన్నది మీ నాయనమ్మ మొక్కు. తీరకుండానే వెళ్లిపోయింది. కాలువ లాకుల దగ్గర ముప్పై ఏళ్లు అందరి పడవలూ దాటించాను కానీ ఆవిణ్ణి ఒక్కసారి పడవెక్కించి తీసుకెళ్లలేకపోయాను. ఆ బాధ నాకుంది.

యానాం నుంచి కోరంగి నది మీదుగా మడ అడవిలోంచి వచ్చాం. రెండు వైపులా మడ చెట్ల వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. తిల్ల చెట్టు కొమ్మ తగలబోతే మావయ్య పెద్ద కేక పెట్టాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. నీళ్ల మీద ఒక నీటిపిల్లి తల ఎత్తి మమ్మల్ని చూసి మునిగిపోయింది. నువ్వుంటే ఎంత బాగుండేదో. పోటు చూసుకుని బయల్దేరాం కాబట్టి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక తగల్లేదు. చొల్లంగి నుంచి మళ్లీ కదిలాక ఇంజన్ షాఫ్టు దగ్గర చప్పుడు మొదలైంది. ఎలాగో హార్బరు దాకా లాక్కొచ్చాం. బుష్ అరిగిపోయిందట. కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. నిన్న వస్తుందన్నారు, ఇవాళ అన్నారు, ఇప్పుడు రేపంటున్నారు. ఏకాదశికి ఇంకా ఏడు రోజులుంది.

చొల్లంగిలో రాజోలు అత్త కనిపించింది. నీ గురించి ఏదో చెప్పింది. దాన్ని అలా ఉంచు.

హార్బరులో పొద్దు గడవడం ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికే వేలంపాట అరుపులకు మెలకువ వస్తుంది. బోట్లలోంచి వంజరం, చందువా, రొయ్య దింపుతుంటే ఆడవాళ్లు గిన్నెలూ తట్టలూ పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటారు. ఎనిమిదింటికల్లా అంతా అయిపోయి గట్టు కడిగేస్తారు. అప్పటినుంచి చీకటి పడేదాకా బోలెడంత పగలు. మీ అమ్మ వల అల్లేవాళ్ల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతుంది. ఎవరు ఏం చదువుతున్నారు, ఎవరు ఎక్కడున్నారు అని మాట వస్తే, "మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం" అని చెప్పి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నేను చూస్తున్నాను.

నేను జగన్నాథపురం వంతెన దాకా నడిచి వస్తాను. కింద కాలువలో బార్జీలు బియ్యం బస్తాలతో నిండి, ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటాయి. ఈ పాత రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. గౌతమి తెచ్చిపోసిన మట్టితో ఇక్కడి సముద్రం లోతు తగ్గిపోయింది. అవి దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, ఈ బార్జీలే వెళ్లి బస్తాలు ఎక్కించి వస్తాయి. ఆ ఇసుకే అటువైపు హోప్ ఐలాండ్‌గా పేరుకుని కెరటాలకు అడ్డం పడుకుంది కాబట్టి, మేం పడవలో హాయిగా నిద్రపోగలుగుతున్నాం. రాత్రి ఆ ఓడల దీపాలు కనిపిస్తాయి. వాటిలోనూ ఎవరి పిల్లలో ఉంటారు, వాళ్ల వంతు కోసం కాచుకుని.

రాజోలు అత్త చెప్పింది ఏమిటంటే, వాళ్ల గోపీ ఆఫీసు వేళలో నిన్ను ఏదో పార్కులో చూశాడట. ఒక్కదానివే బెంచీ మీద కూర్చున్నావట. పలకరిద్దామనుకుంటే లేచి వెళ్లిపోయావట. "ఉద్యోగం మానేసిందటగా" అంది నలుగురిలో. నేను ఏమీ అనలేదు. సెలవు పెట్టి ఉంటుందన్నాను.

మొన్న రాత్రి నిద్ర పట్టక మా తాత, అదే రంగూన్ తాతయ్య, గుర్తొచ్చాడు. ఈ రేవులోనే ఆయన ఓడెక్కింది. మనవాళ్లు ఇక్కణ్ణుంచీ కోరంగి నుంచీ ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లను కొరంగీలనేవారు. ఆయన రంగూన్‌లో బియ్యం మిల్లులో పని. నెలనెలా మనియార్డరు, దాంతోపాటు నాలుగు ముక్కలు. 1941 దసరా నుంచి రెండూ ఆగిపోయాయి. డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు వేసిందని తెలిసింది. మా నాయనమ్మ ఆరేళ్ల పిల్లాణ్ణి, అంటే మీ తాతయ్యని, వెంటబెట్టుకుని కాలువ పడవలో కాకినాడ వచ్చింది. జగన్నాథపురంలో చుట్టాలింట్లో దిగింది. రోజూ పొద్దున్నే రేవుకు పోయి కూర్చునేది. ఓడ వచ్చిందంటే చాలు, దాని నుంచి పడవల్లో దిగేవాళ్లందరినీ అడిగేది. మార్చిలో రంగూన్ జపాను వాళ్ల చేతికి పోయాక ఆ ఓడలూ లేవు. అయినా వెళ్లి కూర్చునేది. ఏప్రిల్ 6న కాకినాడ మీదే బాంబులు పడ్డాయి. ఊరంతా బళ్లు కట్టుకుని పారిపోతోంది. చుట్టాలు బండి ఎక్కమంటే ఎక్కలేదు. "ఆయన దిగితే ఇక్కడే దిగుతాడు, నేను లేకపోతే ఎవరి కోసం చూస్తాడు" అందట. చివరికి పిల్లాడికి జ్వరం తగిలితే తప్ప ఊరికి రాలేదు.

ఆయన ఆషాఢంలో వచ్చాడు. ఓడలో రాలేదు. కొండలూ అడవులూ పడి ఇంఫాల్ మీదుగా దీమాపూర్ దాకా నడిచి, రైళ్లు మారి సామర్లకోటలో దిగి, మళ్లీ నడుచుకుంటూ అర్ధరాత్రి తలుపు తట్టాడు. కాళ్లు ఇంత లావున వాచి ఉన్నాయట. ఆవిడ నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, పక్క వేసింది. రెండు రోజులకు ఆయనే చెప్పాడు. బాంబుల కంటే ముందే, దసరా నాటికే మిల్లులో పని పోయిందట. డబ్బు పంపకుండా ఒట్టి ఉత్తరం ఏ ముఖంతో రాయను అని ఊరుకున్నాడట. మా నాయనమ్మ ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ చివర ఒకే మాట అనేది: "డబ్బెవరడిగారురా, మీద పేరు రాసి ఖాళీ కార్డు పడేసినా చాలేది."

నువ్వు ఉద్యోగం మానేస్తే మానేశావు. వాళ్లే తీసేస్తే తీసేశారు. నాకు కారణం చెప్పనక్కర్లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు. పీఎఫ్ డబ్బు మాత్రం తియ్యకు. క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టకు, ఆ వడ్డీ మనవల్ల కాదు. కొబ్బరి దింపు డబ్బు నలభై వేలు నీ ఖాతాలో వేయమని బ్యాంకులో చెప్పి వచ్చాను. పొద్దున లేచి స్నానం చెయ్యి. పని లేదు కదా అని పదింటి దాకా పడుకోకు. రెండు పూటలా అన్నం వండుకో, ఆ నూడుల్స్ ఒక తిండి కాదు. ఇక్కడ మావయ్యను చూస్తున్నాను. ఇంజన్ ఆగిపోయినా, రోజూ పొద్దునా సాయంత్రం పడవలో ఊరిన నీళ్లు తోడిపోస్తాడు. లంగరు తాడు చూస్తాడు. కట్టేసిన పడవే కదా అని ఒక్క పూట వదలడు. ఇంకా చాలా రాసేవాణ్ణి, మీ అమ్మ పక్కనుంచి చూసి "పాఠం చెప్పకండి" అంటోంది.

అమ్మ గొట్టం కాజాలు కొని డబ్బాలో పెట్టింది. నీకే. మొక్కులో ఉన్నాం కాబట్టి ఎదురుగా అన్ని చేపలున్నా ముట్టడం లేదు, పప్పుచారుతో సరిపెడుతున్నాం. నువ్వొస్తే మొక్కు అయ్యాక పండుగప్ప పులుసు పెడుతుందట.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కాకినాడలోనే దిగుతావు. వచ్చేలోపు పడవ బాగైపోతే మేం గౌతమి వైపు వెళ్లిపోయి ఉంటాం. అప్పుడు బస్సులో రాజోలు మీదుగా అంతర్వేది వచ్చెయ్యి. అత్తవాళ్లింటికి వెళ్లక్కర్లేదు, నేను సఖినేటిపల్లిలో బస్సు దగ్గర ఉంటాను. రాత్రిళ్లు రైల్లో చలిగా ఉంటుంది, ఆ నీలం స్వెట్టరు వేసుకో. రాలేకపోయినా పరవాలేదు. ఇందులో ఒక పోస్టు కార్డు పెట్టాను, మనింటి అడ్రసు రాసే ఉంది. ఏమీ రాయబుద్ధి కాకపోతే అలాగే పోస్టు డబ్బాలో వెయ్యి.

బుష్ వచ్చిందని మావయ్య గట్టు మీంచి పిలుస్తున్నాడు. వెళ్లి టార్చి పట్టుకోవాలి.

మీ నాన్న