ఆపి ఉన్న ఎలక్ట్రిక్ కారుని గుద్దేసి చెప్పకుండా పోతే అది చిన్న విషయం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మన నెల్లూరులో ఆకుపచ్చ నంబర్ ప్లేట్ ఉండే ఎలక్ట్రిక్ కార్లు ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తా ఉన్నాయి, మాగుంట లేఅవుట్, బాలాజీ నగర్, వేదాయపాళెం ఎటు పోయినా అపార్ట్‌మెంట్ల కింద సెల్లార్లలో రాత్రికి ఛార్జింగ్ పెట్టుకుని పొద్దున తీసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ కార్లు రోడ్డు పక్కన ఆపి ఉన్నప్పుడు ఎవరన్నా గుద్దేసి ఆగకుండా పోతే, ఆ సంగతి ఓనర్‌కి తెలియకపోతే ఏం జరగొచ్చో మన ఊర్లో పెద్దగా ఎవరూ ఆలోచించట్లేదు, పోలీసులు కూడా. అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదయినా దయచేసి వేయండి.

పెట్రోల్ కారుకి తలుపు సొట్ట పడితే డెంటింగ్ పెయింటింగ్ చేయిస్తే అయిపోతుంది. ఎలక్ట్రిక్ కారుకి బ్యాటరీ మొత్తం సీట్ల కింద, ఫ్లోర్ అడుగున పరుపులాగా పరిచి ఉంటుంది, చాలా కార్లలో 300 వోల్టుల పైనే కరెంటు ఉంటుంది దాంట్లో. తలుపు పైభాగంలో తగిలిన దెబ్బకి, బంపర్ గీరుకుపోయిన దానికి బ్యాటరీకి ఏమీ కాదు, దానికి భయపడాల్సిన పని లేదు. కానీ తలుపు కింద ఉండే అంచు లోపలికి నొక్కుకుపోయినా, గుద్దిన ఊపుకి కారు జరిగి అడుగుభాగం రాయికో కాలువ గోడకో రాసుకున్నా అప్పుడు లెక్క వేరు. బ్యాటరీ లోపల ఉండే చిన్న చిన్న సెల్‌లలో ఒకటి నలిగినా మంట వెంటనే రావాలని లేదు, కొన్ని గంటల తర్వాత రావొచ్చు, కొన్ని రోజుల తర్వాత కూడా రావొచ్చు. బ్యాటరీని చల్లగా ఉంచే కూలెంట్ పైపు చిట్లి కారిన నీళ్ళు లోపల ఉండిపోయినా ప్రమాదమే. మరి గుద్దినవాడు చెప్పకుండా పోయాడు, ఓనర్ వచ్చి ఎడమ పక్క దెబ్బ చూసుకోకుండా కుడి పక్క ఎక్కి ఇంటికి పోయాడు, రాత్రికి సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టి పైకి పోయి పడుకున్నాడు, పైన ఐదంతస్తుల్లో పిల్లా జెల్లా అందరూ నిద్రపోతా ఉంటారు. నేను అడిగేది ఇదే, దీన్ని సొట్ట కేసు అని ఎట్లా అంటారు?

నాకు జరిగింది చెప్తా. మా అమ్మకి కళ్ళు చూపించడానికి ఆసుపత్రుల వీధికి తీసుకుపోయి కారు రోడ్డు అంచుకి బాగా సర్ది ఆపా. మేం లోపల ఉన్నప్పుడు సరుకు దించడానికి వచ్చిన మినీ లారీ ఒకటి రివర్స్ తీసుకుంటా వెనక ఇనప మూలతో నా కారు ఎడమ పక్క తలుపు కింద గుద్దింది, ఆ తోపుకి ముందు చక్రం సైడు కాలువ మీద బండ ఎక్కి అడుగుభాగం కాలువ గోడకి రాసుకుంది. బయటికి రాగానే ఎదురుగా మందుల షాపులో పనిచేసే పిల్లోడు పరిగెత్తుకుంటా వచ్చి "సార్, మీ కారునే మినీ లారీ గుద్దేసి పోయింది, నేను గెట్టిగా అరిచినా ఆగలా, నంబర్ చివరి రెండు అంకెలే కనపడ్డాయి" అన్నాడు. ఆ పిల్లోడికి నేను రుణపడి ఉంటా, ఎందుకంటే అతను చెప్పకపోతే అడుగుభాగం సంగతి నాకు తెలిసేదే కాదు. సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేస్తే స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ అసలు పెట్టొద్దు, లిఫ్ట్ మీద ఎక్కించి చూడాలి, బండి పంపిస్తాం అన్నారు. చక్రాలు నాలుగూ పైన ఉండేలా ఫ్లాట్‌బెడ్ మీద తీసుకుపోయారు. బ్యాటరీ అడుగున రక్షణగా ఉండే ప్లేట్ ఒక పక్క వంగింది, కరెంటు ఎక్కడన్నా బయటికి లీక్ అవుతుందేమో అని ఇన్సులేషన్ టెస్ట్ చేసి, కంప్యూటర్ పెట్టి ఫాల్ట్ కోడ్‌లు చూసి, రెండు రోజులు ఆరుబయట పక్కన పెట్టి మళ్ళీ చూశాకే లోపల సెల్‌లకి ఏం కాలేదని చెప్పారు. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఇక స్టేషన్‌కి పోతే విన్న మాట: "ఎవరికీ దెబ్బలు తగల్లేదు గదా సార్, ఇన్సూరెన్స్ ఉండాది గదా, క్లెయిమ్ పెట్టుకోండి, కేసు అంటే మీరే కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తాది." ఆయన కోపంగా చెప్పలేదు, మంచి చెప్తున్నట్టే చెప్పాడు, పని ఒత్తిడి కూడా నాకు తెలుసు. కానీ ఈ మాట తప్పు, చట్టం అట్లా చెప్పట్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 134 సెక్షన్‌లో మనిషికి దెబ్బ తగిలినా, ఇంకొకరి ఆస్తికి నష్టం జరిగినా అని రెండూ కలిపి రాశారు. పోలీసు అక్కడ లేకపోతే డ్రైవర్ వీలైనంత తొందరగా, ఎట్లా చూసినా 24 గంటల లోపల దగ్గర్లో స్టేషన్‌కి పోయి జరిగింది చెప్పాలి. చెప్పకపోతే 187 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ, 2019లో సవరించి పెంచారు దీన్ని. రెండోసారి చేస్తే ఏడాది, 10 వేలు. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని స్టేషన్‌లో వాళ్ళే గుర్తు చేసుకోకపోతే డ్రైవర్లకి భయం ఎక్కడినుంచి వస్తుంది.

హిట్ అండ్ రన్ అంటే ప్రభుత్వం డబ్బులు ఇస్తుంది గదా అని మా బంధువు ఒకాయన అన్నాడు. అది మనుషులకి మాత్రమే. చనిపోతే 2 లక్షలు, గట్టి గాయాలైతే 50 వేలు, కారుకి రూపాయి రాదు. కాబట్టి బండి దొరక్కపోతే నష్టమంతా మనమే భరించాలి, దొరికితే వాళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి మామూలుగా 7.5 లక్షల దాకా ఆస్తి నష్టం అడగొచ్చు, జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టుకోవాలి. అంటే మొత్తం ఆ నంబర్ మీదే ఆధారపడి ఉంది, నంబర్ ఏమో కెమెరాల్లో ఉంది.

కెమెరాల సంగతి అందరూ తెలుసుకోవాలి. షాపుల్లో కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టెలు కొన్నిట్లో వారం, కొన్నిట్లో పది పదిహేను రోజులు, తర్వాత పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది రికార్డ్ అవుతుంది. నేను ఆ వీధిలో ప్రతి షాపునీ అడిగా, చాలామంది "పోలీసులు వస్తే ఇస్తాం" అన్నారు, పోలీసులేమో మీరే తెచ్చుకోండి అంటారు, ఈ లోపల రోజులు గడిచిపోతాయి. సాక్ష్యానికి పిలుస్తారేమో, ఎవరితోనో గొడవ అవుతుందేమో అని షాపు వాళ్ళ భయం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే పబ్లిక్ సేఫ్టీ చట్టం చేసి జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలి, ఫుటేజ్ నెల రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి అని రాశారు, ఆసుపత్రులకి ఇది తెలియదా? అడిగినోడికి ఫుటేజ్ ఇవ్వకపోయినా పర్లేదు, ఆ అరగంట క్లిప్ చెరిగిపోకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో తీసి పక్కన పెట్టండి చాలు, తర్వాత పోలీసులకే ఇవ్వండి. కోర్టులో పనికి రావాలంటే సాక్ష్యాల గురించిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి కాబట్టి ఫోన్‌లో స్క్రీన్ వీడియో తీసుకున్నంత మాత్రాన సరిపోదు, కానీ ఏమీ లేనిదానికంటే అదైనా మేలు.

స్టేషన్‌లో తీసుకోకపోతే వదిలేయొద్దని మిగతా వాళ్ళకి చెప్తున్నా. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి, పోలీసు కేసులు ఎట్లా నడపాలో చెప్పే కొత్త చట్టం, 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్ష సంహిత 173 సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో పోయి సంతకం పెడితే సరిపోతుంది. కేసు కట్టనంటే అదే కాగితం పోస్టులో ఎస్పీ గారికి పంపొచ్చు, లేదా సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. నేనూ అదే చేశా.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. "ఉండాది గదా" అన్నంత తేలిక కాదు అది. మన సొంత పాలసీలో క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది, అది మొదటి ఏడాది 20 శాతం నుంచి ఐదేళ్ళకి 50 శాతం దాకా పెరిగేది, తప్పు చేసింది ఇంకొకరు, బోనస్ పోయేది మనకి. నిల్ డిప్రిసియేషన్, అంటే భాగాలు పాతబడ్డాయని డబ్బు తగ్గించకుండా ఇచ్చే అదనపు కవర్, తీసుకోకపోతే ప్లాస్టిక్ రబ్బరు భాగాలకి సగం డబ్బు మనమే కట్టాలి, ఈ కార్ల అడుగున ఉండే కవర్లు, అంచులు చాలావరకు ప్లాస్టికే. బ్యాటరీకి కంపెనీ ఇచ్చే వారంటీ బయటి దెబ్బలకి వర్తించదు. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే రిపేర్ మొదలుపెట్టనివ్వొద్దు, అడుగుభాగం కూడా లిఫ్ట్ మీద చూడమని సర్వేయర్‌ని గట్టిగా అడగాలి, నా విషయంలో ఆయన పై పైన ఫోటోలు తీసుకుని పోబోతే నేను పట్టుబడితే అప్పుడు చూశాడు. న్యాయం జరగలేదనిపిస్తే ముందు కంపెనీకి రాసి, నెల లోపల తేల్చకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కి పోవచ్చు, మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

దెబ్బ తగిలిన కారు మీదయితే ఇంకొకటి, డ్యాష్‌బోర్డ్‌లో హెచ్చరిక లైటు వెలిగినా, అడుగున ఏదన్నా కారుతున్నా, ఘాటు వాసన వచ్చినా, బుస్సుమని శబ్దం వినపడినా మనుషులంతా దూరం జరిగి 101కి ఫోన్ చేయండి, ఎలక్ట్రిక్ కారు అని తప్పకుండా చెప్పండి ఎందుకంటే దానికి నీళ్ళు చాలా ఎక్కువ కావాలి. నారింజ రంగు వైర్లు ముట్టుకోవద్దు. చూడ్డానికి ఏం లేకపోయినా అడుగు తగిలిందని అనుమానం ఉంటే చెక్ చేయించేదాకా సెల్లార్‌లో పెట్టొద్దు, ఇళ్ళకి దూరంగా ఆరుబయట పెట్టండి.

జిల్లా పోలీసు అధికారులకి నా విన్నపం ఏమంటే, పొగతోట, ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటర్ లాంటి చోట్ల ఆపిన బండ్లని గుద్దిపోయే ఫిర్యాదులు వస్తే మొదటి రోజే ఒక కానిస్టేబుల్‌ని పంపి ఫుటేజ్ భద్రం చేయించండి, మిగతా విచారణ తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. కార్పొరేషన్ వాళ్ళు ఆసుపత్రుల దగ్గర సరుకు బండ్లు దించుకోడానికి పొద్దున్నే ఒక టైం పెడితే సగం గొడవ తగ్గుతుంది, రోగులు వచ్చే వేళకే మినీ లారీలు రివర్స్ తీస్తా ఉంటే నడిచేవాళ్ళకి కూడా చోటు లేదు.

ఆ మినీ లారీ నడిపినతనికి కూడా ఒక మాట. తమ్ముడూ, కిరాయి తొందరలో ఉండి ఉంటావు, ఓనర్ తిడతాడని భయపడి ఉంటావు, అది నేను అర్థం చేసుకోగలను. నీ జేబులోంచి కట్టమని నేను అడగట్లేదు, మీ బండి ఇన్సూరెన్స్ కట్టాల్సిన డబ్బు అది. ఇప్పటికైనా స్టేషన్‌కి పోయి బండి నంబర్, పాలసీ నంబర్ చెప్పు. ఇక ముందు ఎప్పుడైనా ఎవరి బండికైనా తగిలితే, ఓనర్ కనపడకపోతే, ఒక చీటీ మీద ఫోన్ నంబర్ రాసి వైపర్ కింద పెట్టు, పక్క షాపులో చెప్పు, తర్వాత స్టేషన్‌లో కూడా చెప్పు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేదాయపాళెం, నెల్లూరు.