ముడుమాల్ నిలువురాళ్లకు ముందు కాపలా పెట్టండి

సంపాదకుడు గారికి,

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్‌లో పూర్వకాలపు మనుషులు నిలబెట్టిన నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. పాలమూరు వాళ్లందరికీ సంతోషమే. అసలు గుర్తింపు ఎప్పుడొచ్చినా, పేరు బయటికొచ్చింది కాబట్టి చూడటానికి జనం పెరుగుతారు. వాళ్లు పెరిగేలోపే చేయాల్సిన పని ఒకటుందని ఈ లేఖ రాస్తున్నాను.

ఆ మధ్య అమెరికాలో మా అమ్మాయి, అల్లుడు, పిల్లలతో కలిసి కారులో అక్కడి ఎడారి పార్కులు తిరిగాం. కొలరాడోలో మెసా వెర్డే ఉంది. కొండ చరియల కింద పూర్వీకులు రాతితో కట్టుకున్న ఇళ్లవి. 1906 నుంచి జాతీయ పార్కు. అందులో క్లిఫ్ ప్యాలెస్ అనే పెద్ద ఇళ్ల సముదాయంలోకి టికెట్ కొనుక్కుని, రేంజర్ వెంట పోవాల్సిందే. సొంతంగా అడుగు పెట్టనివ్వరు.

నన్ను భయపెట్టింది మాత్రం న్యూమెక్సికోలోని చాకో లోయ. అక్కడ ఫజాడా అనే ఒంటరి గుట్ట పైన మూడు రాతి పలకలున్నాయి. వాటి వెనక బండ మీద చుట్టలు చుట్టలుగా చెక్కిన గీత ఉంది. ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడవుండే రోజున, పలకల సందులోంచి పడిన సన్నటి వెలుగు సరిగ్గా ఆ చుట్ట నడిమి నుంచి దిగేదట. 1977లో ఈ సంగతి బయటపడ్డాక పైకి ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల కాళ్ల కింద మట్టి జారి పలకలు కదిలాయి, వెలుగు దారి తప్పింది. ఎవరూ కావాలని చేసింది కాదు, చూడాలన్న ఇష్టంతో వచ్చినవాళ్ల వల్లే జరిగింది. ఇప్పుడు ఆ గుట్ట ఎక్కనివ్వరు. మేమూ కింది నుంచే చూసి వచ్చాం.

ముడుమాల్‌లో ఉన్నదీ అలాంటిదే కదా! పది పద్నాలుగు అడుగుల ఎత్తు రాళ్లు, వాటి నడుమ వరసలుగా పేర్చిన చిన్న రాళ్లు. సూర్యుడి నడకను బట్టి వీటిని నిలబెట్టారని, ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని చూపుతాయని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు పరిశోధించి చెప్పారు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టుకున్నాం. నాగార్జునకొండ కట్టడాలు కొన్నిటిని కూడా ఎత్తు మీదికి చేర్చగలిగాం. గుడినైతే అలా మార్చుకోవచ్చు. నిలువురాయి జానెడు పక్కకు జరిగినా దాని నీడ మారుతుంది, ఇక దాన్ని సరిచేయడం ఎవరి తరం?

అందుకే హోటళ్లు, సెల్ఫీ పాయింట్లు, సిమెంటు రోడ్ల ప్లాన్ల కన్నా ముందు ప్రతి రాయికీ నంబరు వేసి, కొలిచి, ఫొటో తీసి రికార్డు చేయాలి. బండ్లు దూరంగానే ఆపాలి. నడిచే దారి రాళ్ల బయటి నుంచి వేయాలి. టాయిలెట్లు, తాగునీళ్లు, నీడ తప్పనిసరి, ఎందుకంటే మన ఏప్రిల్ ఎండ ఆ ఎడారి ఎండకు తీసిపోదు. కానీ అవన్నీ పార్కింగ్ దగ్గరే ఉండాలి. చాకోకు పోయే దారి చివర ఇప్పటికీ మట్టి రోడ్డే, అయినా జనం పోతూనే ఉన్నారు. చుట్టుపక్కల పొలం వదులుకునే రైతుకు సరైన పరిహారం ఇవ్వాలి, లేకపోతే రాళ్ల మీద ఆయనకే కోపం వస్తుంది. ఊరి వాళ్లు తిమ్మప్ప అని, ఎల్లమ్మ అని మొక్కే రాళ్లకు పూజలు ఆపకూడదు. అసలు ఇన్నాళ్లూ వాటిని కాపాడింది ఆ భక్తే. చదువుకున్న ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి, జీతంతో గైడ్లుగా పెట్టుకోవాలి.

జూన్ 21న నీడలు చూడాలని వచ్చేవాళ్లు ఇక ఏటా పెరుగుతారు. మిగతా పనులకు టైం పట్టినా, వచ్చే జూన్‌లోపు రాళ్ల చుట్టూ తాళ్లు కట్టించి, పగలూ రాత్రీ కాపలా మనుషుల్ని పెట్టమని జిల్లా కలెక్టర్ గారిని, వారసత్వ శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మక్తల్