విదేశీ చదువుల అప్పు: సంతకానికి ముందే పూర్తి లెక్క చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

బీటెక్ పూర్తయిన పిల్లలను ఎమ్మెస్‌కు అమెరికా పంపాలా, ఇక్కడే ఎంటెక్ చేయించాలా అన్న చర్చ తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. అందులో ఫీజు మాట వచ్చినంత తొందరగా అప్పు మాట రాదు. బ్యాంకులో విద్యారుణాల పని చాలాకాలం చూసి పదవీ విరమణ చేసిన నేను, తల్లిదండ్రులకు తెలియవలసిన లెక్క సకాలంలో ఎవరూ చెప్పడం లేదన్న ఆవేదనతో ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల ఎమ్మెస్‌కు 40 లక్షల రూపాయల అప్పు చేశారనుకుందాం. బ్యాంకు దాన్ని సెమిస్టరుకు 10 లక్షల చొప్పున నాలుగు విడతల్లో 11 శాతం వడ్డీకి ఇస్తే, చదువు ముగిశాక కిస్తీలు మొదలయ్యే ముందు ఇచ్చే ఆరు నెలల గడువు తీరేసరికి బారువడ్డీయే 7 లక్షల 70 వేలు అవుతుంది. ఆ మొత్తాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 65 వేలకు పైగా కిస్తీ కట్టాలి. అక్కడ ఉద్యోగం దొరికితే ఇది మోయలేని బరువేమీ కాదు. మూడు నాలుగేళ్లలోనే అప్పు తీర్చి, ఊళ్లో తల్లిదండ్రులకు ఇల్లు కట్టించిన పిల్లలను నేను చూశాను. కానీ ఉద్యోగం దొరకక తిరిగి వచ్చినవారు ఇక్కడి తొలి జీతంతో ఆ కిస్తీ ఎలా కట్టగలరు? పైగా అప్పు రూపాయల్లో, ఫీజు డాలర్లలో. 2014లో 60 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. చదువు మధ్యలో రూపాయి పడిపోతే మంజూరైన అప్పు చివరి సెమిస్టరుకు చాలదు. ఆ తేడా కోసం తండ్రి ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే డబ్బు ఏ కన్సల్టెన్సీ చూపించే అంచనాలోనూ కనిపించదు.

హామీ సంగతి ఇంకా బాధాకరం. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. వ్యవసాయ భూమిని మాత్రం సాధారణంగా ఒప్పుకోవు. పట్టాదారు పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుని మా శాఖకు వచ్చి, దానిపై ఈ అప్పు పుట్టదని విని కౌంటరు దగ్గరే నిలబడిపోయిన రైతులు నాకు ఇప్పటికీ గుర్తే. వారిలో కొందరు పొలం అమ్ముకున్నారు, మరికొందరు తాకట్టు అడగని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పు తీసుకున్నారు. వీసా కోసం ఖాతాలో నిల్వ చూపించే ఏర్పాటును కూడా రుసుము తీసుకుని చేసిపెట్టేవారున్నారు. అలా లేని డబ్బును ఉన్నట్టు చూపించి వెళ్లిన విద్యార్థికి, తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేసే వీలు లేదు. రెండో సెమిస్టరు ఫీజు గడువు ముంచుకొచ్చినప్పుడు బయట దొంగచాటుగా పనికి కుదిరి, చదువునూ వీసానూ కలిపి ప్రమాదంలో పెట్టుకునే పరిస్థితి అక్కడే మొదలవుతుంది.

జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఫీజు తీసుకోవన్నది నిజమే కానీ, వీసా కోసం ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు సాధారణంగా ప్రత్యేక ఖాతాలో ముందే జమ చేసి చూపాలి.

ఇక్కడి చదువు చవక కాబట్టి అందరూ ఇక్కడే ఉండాలని నేను అనడం లేదు. గేట్ అర్హతతో ఎన్‌ఐటీ వరంగల్‌లోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో ఎంటెక్ చేసేవారికి ఇచ్చే ఉపకార వేతనం ఏళ్లుగా నెలకు 12,400 రూపాయల దగ్గరే ఆగిపోయింది. దాన్ని పెంచకుండా ప్రతిభావంతులను ఇక్కడే ఉండమనడం న్యాయం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ప్రభుత్వం డబ్బు చెల్లించలేదని విద్యార్థి సర్టిఫికెట్లు ఆపితే, ఆ కుటుంబానికి స్వదేశీ చదువు మీద నమ్మకం ఎలా నిలుస్తుంది? మరోవైపు, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, పూచీకత్తు లేకుండా రుణం దొరుకుతుంది. ఇతర ఉపకార వేతనాలు, వడ్డీ రాయితీలు పొందనివారికి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కన్సల్టెన్సీల బోర్డులు వీధికొకటి కనిపించే మన పట్టణాల్లో ఈ పథకం గురించి తెలిసిన తల్లిదండ్రులు నాకు అరుదుగా తారసపడతారు.

రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత రుణగ్రహీతలకు అప్పు వివరాల పత్రాన్ని వారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మంచి నిబంధనే. అయితే ఆ పత్రం ఒప్పందం దశలో వస్తుంది. అప్పటికే దరఖాస్తు ఫీజులు, సీటు డిపాజిట్టు కట్టేసిన కుటుంబం వెనక్కి తగ్గే స్థితిలో ఉండదు. అందుకే విద్యారుణం కోసం మొదటిసారి విచారించడానికి వచ్చిన రోజునే బ్యాంకులు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. చదువు పూర్తయ్యేనాటికి అప్పు ఎంతవుతుందో, నెలకు ఎంత కట్టాలో, రూపాయి మరో పది శాతం పడితే ఆ అంకె ఎంతకు చేరుతుందో, అదే విద్యార్థి ఇక్కడ చదివితే ఏ సాయం అందుతుందో అందులో ఉండాలి. రెండు రాష్ట్రాల్లోని రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీలు తలచుకుంటే తమ తదుపరి సమావేశంలోనే దీనిపై నిర్ణయం తీసుకోవచ్చు. ఉన్నత విద్యామండళ్లు ఆ మేరకు వాటిని కోరాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
హనుమకొండ