అమ్మిన హెలికాప్టర్ రైడ్ ఒకటి, ఎక్కించింది ఇంకొకటి

ట్రావెల్స్ మేనేజర్ గారికి,

ఫోన్ చేస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటున్నారు, అందుకే రాసి పంపుతున్నాను. మీ దక్షిణాఫ్రికా ప్యాకేజీ తీసుకున్నదే బ్రోచర్‌లో ఆ ఒక్క లైను చూసి: డ్రాకెన్స్‌బర్గ్ కొండలు, స్పియన్ కోప్, ఇసాండ్ల్వానా యుద్ధభూములు హెలికాప్టర్‌లోంచి చూపిస్తాం అని. దానికి విడిగా డబ్బు కూడా కట్టించుకున్నారు. తీరా అక్కడికెళ్ళాక కొండలు చూపించి దింపేశారు.

కొండల విషయంలో పేచీ లేదు. ఆంఫిథియేటర్ అనే ఆ రాతిగోడ సుమారు అయిదు కిలోమీటర్ల పొడవున నిటారుగా నిలబడి ఉంటే కళ్ళు తిప్పుకోలేకపోయాం. 948 మీటర్ల టుగేలా జలపాతమైతే జులైలో రాతి మీద తడి చారలా ఉంది, అది అక్కడ వానల్లేని చలికాలం కాబట్టి మీ తప్పు కాదు, కాకపోతే నిండుగా దూకుతున్న ఫోటో వేసి జులైలో తీసుకెళ్ళేవాళ్ళు ఒక మాట ముందే చెప్పొచ్చు. పోనీండి.

వాతావరణం బాగాలేక యుద్ధభూములు తీసేశామని మీవాళ్ళు వాట్సాప్‌లో రాశారు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు, ఫోటోలు జత చేశాను. పైగా దిగాక పైలట్‌ని అడిగితే తన దగ్గరున్న కాగితం చూపించాడు, అందులో కొండల రైడ్ ఒక్కటే ఉంది. అంటే మీరు అసలు బుక్ చేయనే లేదు!

"బస్సులోంచి స్పియన్ కోప్ చూశారు కదండీ" అని మీ గైడ్ సర్దిచెప్పబోయాడు. రోడ్డు మీంచి చూస్తే అది మామూలు గుట్ట. 1900 జనవరి 23 రాత్రి ఇంగ్లీషు సైన్యం చీకట్లో, పొగమంచులో ఆ గుట్టెక్కి, పై అంచు ఇదే అనుకుని రాతినేలలో లోతు లేని కందకం తవ్వుకుంది, తెల్లారి పొగమంచు విడిపోయాక చూస్తే చుట్టూ ఉన్న గుట్టల మీంచి బోయర్లు (అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్ళు) కాల్పులు మొదలుపెట్టారు. చివరికి ఆ కందకమే ఇంగ్లీషువాళ్ళ సమాధి అయింది. ఏ గుట్ట నుంచి ఏది కనిపిస్తుందో పైనుంచి చూస్తేనే కదా అర్థమయ్యేది? ఇసాండ్ల్వానా కూడా అంతే, 1879లో దాదాపు 20 వేలమంది జులూలు (అక్కడి ఆఫ్రికా జాతివాళ్ళు) ఎద్దుకొమ్ముల్లా రెండువైపుల నుంచీ ఇంగ్లీషు సైన్యం దిగిన ఆ మైదానాన్ని ఎలా చుట్టేశారో కింద నిలబడితే ఊహకందదు.

ఇంకో మాట. స్పియన్ కోప్ నుంచి గాయపడ్డవాళ్ళని మోసినవాళ్ళలో గాంధీగారి భారతీయ అంబులెన్స్ దళం ఉంది, అందులో ఎక్కువమంది ఒప్పంద కూలీలే. 1860 నుంచి ఆ ప్రాంతమైన నేటాల్‌లోని చెరకుతోటలకి అలా వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. తెలుగువాళ్ళకి టూర్లు అమ్ముకునే మీకు ఈ సంగతే తెలియదు, మీ గైడ్ నోట ఒక్క ముక్క రాలేదు.

నాకు కావాల్సింది సారీ మెసేజ్ కాదు. హెలికాప్టర్ కోసం విడిగా తీసుకున్న డబ్బులో కొండల రైడ్ ఖరీదు మినహాయించి మిగతాది వెనక్కివ్వండి, ఆపరేటర్‌కి మీరు కట్టిన బిల్లు కాపీ కూడా పంపండి. బ్రోచర్‌లోంచి ఆ లైను తీసేయండి, లేదా నిజంగా బుక్ చేయండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మా ఊళ్ళోనే కేసు వేయొచ్చు, వాయిదాలకి మీరే రావాల్సి ఉంటుంది.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన ప్రయాణికుడు
(బుకింగ్ రసీదు, బ్రోచర్ పేజీ, ఆ రోజు ఫోటోలు జత చేశాను)